గడువు నాలుగేళ్లు: కొలువుకూ చదువుకూ మధ్య అంబేడ్కర్

స్వర్ణోత్సవ సంచికకు అందరిలాగే బడి జ్ఞాపకాలు రాద్దామని కూర్చున్నాను. అంతలో మన బడిలోనే చదివిన ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. పగలు ఉద్యోగం, రాత్రి దూరవిద్యలో పీజీ. నెలాఖరులోగా నాలుగు అసైన్‌మెంట్లు పంపాలట. ఆఫీసులో లెక్కలు తేల్చాల్సిందీ అప్పుడేనట. ఇంట్లో చంటిబిడ్డ. రాత్రి పదింటికి పుస్తకం తీస్తే అక్షరాలు అలుక్కుపోతున్నాయని, కట్టిన ఫీజు పోతే పోయింది, చదువు మానేస్తానని చెప్పాడు. అప్పటికి ఏదో సర్ది చెప్పాను గాని, సరైన జవాబు చెప్పలేదన్న వెలితి ఉండిపోయింది. ఇలాంటి తమ్ముళ్లు, చెల్లెళ్లు మన సంఘంలో ఇంకా ఎంతమందో.

ఆ వెలితితోనే ఈ వ్యాసం రాస్తున్నాను. డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ అంటే రాజ్యాంగం గుర్తొస్తుంది, మహాడ్ చెరువు గుర్తొస్తుంది. మన బడిలో ఏప్రిల్ 14న ఆయన పటానికి దండ వేసి, చదివిన డిగ్రీలన్నీ వరసగా చదివి వినిపించేవాళ్లం. ఆ డిగ్రీల మధ్య ఉన్న ఖాళీల గురించి మాత్రం ఎవరమూ చెప్పుకోలేదు. చదువు సగంలో ఆగిపోవడం, ఉద్యోగం, అప్పు, గడువు, తిరిగొచ్చిన థీసిస్ అన్నీ ఆ ఖాళీల్లోనే ఉన్నాయి. ఉద్యోగం చేస్తూ చదువుకునేవాళ్లకు పనికొచ్చే పాఠం కూడా అక్కడే ఉంది.

ఒక గది ఇల్లు

భీమరావు 1891 ఏప్రిల్ 14న మధ్యభారతంలోని మౌ కంటోన్మెంటులో పుట్టారు. తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారు. ఆ దంపతులకు భీమరావు పద్నాలుగో సంతానం. పసితనంలోనే తల్లి భీమాబాయి పోయింది. సతారా బడిలో మిగతా పిల్లలకు దూరంగా, ఇంటినుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద కూర్చుని చదువుకున్నారు. దాహమేస్తే కుండ ముట్టుకోకూడదు. బంట్రోతు పైనుంచి పోస్తే దోసిలి పట్టాలి. బంట్రోతు రాని రోజున దాహంతోనే ఉండాలి.

తర్వాత కుటుంబం బొంబాయి చేరింది. పరేల్‌లో కూలీలుండే చాళ్‌లో ఒకటే గది. వంట, పడక, వంటచెరకు, చదువు అన్నీ అందులోనే. తండ్రీకొడుకులు దానికొక ఏర్పాటు చేసుకున్నారు. కొడుకు పెందలాడే పడుకునేవాడు. తండ్రి మేలుకుని ఉండి రాత్రి రెండింటికి కొడుకును లేపి, తాను ఆ చోటులో నడుం వాల్చేవాడు. ఇల్లంతా నిద్రపోతున్న వేళ కిరోసిన్ దీపం దగ్గర భీమరావు చదువు సాగేది. చోటూ లేక, నిశ్శబ్దమూ లేక చదువుకోవడం ఆయనకు చిన్ననాడే అలవాటైంది. ఆ అలవాటు వెనక ఒక తండ్రి చెడగొట్టుకున్న నిద్ర ఉందన్న సంగతి కూడా మరిచిపోకూడదు.

1907లో మెట్రిక్ పాసయ్యారు. కేళుస్కర్ అనే ఉపాధ్యాయుడు ఈ కుర్రవాడి పుస్తకాల పిచ్చి గమనించి చేరదీశారు. ఆయన చొరవతోనే బరోడా మహారాజు సయాజీరావు గాయక్వాడ్ నెలకు 25 రూపాయల సాయం మంజూరు చేశారు. ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో బి.ఏ. పూర్తయింది. 1913లో బరోడా సంస్థానపు విద్యార్థివేతనం మీదే న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. చదువు ముగిశాక పదేళ్లు సంస్థానంలో కొలువు చెయ్యాలని ఒప్పందం.

ఆగిపోయిన చదువు

కొలంబియాలో 1915లో ఎం.ఏ. వచ్చింది. మరుసటేడు పరిశోధన వ్యాసం కూడా సమర్పించి, 1916 అక్టోబరులో లండన్ చేరారు. అక్కడ ఒకేసారి రెండు చోట్ల చేరారు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో అర్థశాస్త్రం, గ్రేస్ ఇన్‌లో బారిస్టరు చదువు. ఏడాది తిరగకముందే, 1917లో, విద్యార్థివేతనం గడువు ముగిసింది. బరోడా నుంచి పిలుపు వచ్చింది. చేతిలో డబ్బు లేదు. థీసిస్ మొదలై ఉంది, బారిస్టరు చదువు సగం కూడా కాలేదు.

అప్పుడాయన చేసిన ఒక చిన్న పని మీద మన దృష్టి నిలవాలి. పెట్టె సర్దుకుని ఊరికే వచ్చేయలేదు. ప్రొఫెసర్ ఎడ్విన్ కానన్ ద్వారా విశ్వవిద్యాలయం నుంచి అనుమతి సంపాదించారు. 1917 అక్టోబరు నుంచి నాలుగేళ్లలోగా ఎప్పుడు తిరిగొచ్చినా ఆపిన చోటి నుంచే చదువు సాగించవచ్చని దాని సారాంశం. అంటే 1921 అక్టోబరు దాకా తలుపు తెరిచి ఉంటుంది.

మనలో చాలామంది చదువు మానేసేటప్పుడు ఎవరికీ చెప్పం. ఒక గడువు దాటిపోతుంది. ఆ సిగ్గుతో మాస్టారికి మొహం చూపించం, ఉత్తరం రాయం. సిగ్గు ముదిరేలోపు రెండో గడువూ దాటుతుంది. అంబేడ్కర్ ముందుగానే అడిగారు. అడిగినందుకు నాలుగేళ్లు దొరికాయి.

తిరుగు ప్రయాణం మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో. ఆయన ఒక ఓడలో, పుస్తకాలున్న సామాను మరో ఓడలో బయలుదేరాయి. సామాను ఓడను జర్మన్ జలాంతర్గామి ముంచేసింది. మనిషి మాత్రం ఆగస్టులో బొంబాయి చేరారు. పోయిన సామానుకు వచ్చిన పరిహారం బరోడా ప్రయాణానికి అక్కరకొచ్చింది.

నాలుగేళ్లలో మూడేళ్లు

బరోడాలో మహారాజుకు సైనిక కార్యదర్శి హోదా. అమెరికాలో చదివి వచ్చిన అధికారికి బంట్రోతులు కాగితాలు చేతికివ్వకుండా బల్లమీదికి విసిరేవారు. ఉండడానికి ఇల్లు దొరకలేదు. పేరు మార్చుకుని ఒక పార్సీ సత్రంలో తలదాచుకుంటే, సంగతి బయటపడి కర్రలు పట్టుకున్న గుంపు వచ్చి వెళ్లగొట్టింది. ఊళ్లో తెలిసినవాళ్లను అడిగినా చోటు దొరకలేదు. ఒక చెట్టు కింద కూర్చుని ఏడ్చి, ఆ రాత్రి రైలుకు బొంబాయి తిరిగొచ్చారు. పద్దెనిమిదేళ్ల తర్వాత కూడా ఆ రోజు తలుచుకుంటే కన్నీళ్లు ఆగవని ఆయనే రాసుకున్నారు.

లండన్ ఇచ్చిన నాలుగేళ్లు అప్పటికే కరుగుతున్నాయి. బొంబాయిలో పిల్లలకు ట్యూషన్లు చెప్పారు. వాటాల వ్యాపారులకు సలహాలిచ్చే చిన్న కార్యాలయం తెరిచారు. సలహా ఇస్తున్నది ఎవరో తెలిశాక వచ్చేవాళ్లు మానేశారు, అది మూతపడింది. 1918 నవంబరులో సిడెన్‌హామ్ కళాశాలలో అర్థశాస్త్ర ఆచార్యుడిగా తాత్కాలిక ఉద్యోగం దొరికింది. జీతం నెలకు 450 రూపాయలు.

ఆ రోజుల్లో అది మంచి జీతం. ఇంకొకరైతే పెద్ద ఇల్లు చూసుకునేవారు. ఆయన మాత్రం పరేల్ చాళ్ వదల్లేదు. ఇంటి ఖర్చుకు ఇంతని భార్య రమాబాయికిచ్చి, మిగిలినది లండన్ కోసం దాచారు. తరగతిలో అర్థశాస్త్రం చెప్పడానికి గట్టిగా తయారయ్యేవారు. వేరే కళాశాలల విద్యార్థులు కూడా అనుమతి తీసుకుని వచ్చి ఆయన పాఠం వినేవారు. అధ్యాపకుల గదిలో మంచినీళ్ల కుండ ఆయన ముట్టుకోకూడదని అభ్యంతరం చెప్పినవాళ్లు ఉన్న కళాశాలలోనే ఇదీ జరిగింది.

చేసే ఉద్యోగం, ఆగిన చదువు రెండూ ఒకే విషయానికి సంబంధించినవి కావడం ఆయనకు కలిసొచ్చింది. పగలు చెప్పిన పాఠం లండన్ థీసిస్‌కు సాధన అయింది. ఉద్యోగమూ చదువూ కలిసే చోటు మనకూ ఒకటో రెండో ఉంటాయి. బ్యాంకులో పనిచేసేవాడు బ్యాంకు మీదే ప్రాజెక్టు రాసుకోవచ్చు, బడిలో పాఠం చెప్పే అమ్మాయి తన తరగతి మీదే అసైన్‌మెంటు రాసుకోవచ్చు. అలుపు పూర్తిగా పోదు, సగమన్నా తగ్గుతుంది.

1920 మార్చిలో ఆ ఉద్యోగం వదిలారు. దాచిన డబ్బు చాలలేదు. కొల్హాపూర్ శాహూ మహారాజ్ సాయం చేశారు. కొలంబియా నాటి పార్సీ మిత్రుడు నవల్ భథేనా 5 వేల రూపాయలు అప్పిచ్చారు. జులైలో ఓడెక్కి, సెప్టెంబరుకల్లా లండన్ తరగతిలో కూర్చున్నారు. గడువు తీరడానికి అప్పటికి ఇంకా ఏడాది ఉంది.

లండన్‌లో ఆకలి

అప్పటికి ఆయన వయసు 29. ఇంటి దగ్గర భార్య, కొడుకు, అన్నగారు పోయాక మిగిలిన కుటుంబం. చదివే ప్రతి రోజుకూ ఖరీదు ఉందని ఆయనకు తెలుసు. ఆ రోజు ఆయన దినచర్యను జీవితచరిత్రకారులు వివరంగా రాశారు. పొద్దున్నే ఒక రొట్టె ముక్క, కాస్త చేప, ఒక కప్పు వేడి పానీయం. ఎనిమిదింటికల్లా బ్రిటిష్ మ్యూజియం గ్రంథాలయం. మధ్యాహ్నం భోజనానికి డబ్బూ లేదు, లేచి వెళ్లే తీరికా లేదు. సాయంత్రం మూసేదాకా అక్కడే. తర్వాత మరో గ్రంథాలయం. రాత్రి బసకు చేరి చాలీచాలని తిండి తిని మళ్లీ పుస్తకం. పది దాటితే కడుపులో మంట. అప్పుడు తెలిసినవాళ్లిచ్చిన అప్పడాలు నాలుగు కాల్చుకుని తినేవారు. గదిలో తోడున్న మిత్రుడు అర్ధరాత్రి మెలకువ వచ్చి చూస్తే ఆయన చదువుతూనే కనిపించేవారట.

ఈ భాగం చదివినప్పుడల్లా నాకు రెండు రకాలుగా అనిపిస్తుంది. ఒకటి, ఇంత పట్టుదల ఎక్కడిదన్న ఆశ్చర్యం. రెండోది, ఇలా ఎవరూ చదవకూడదన్న బాధ. పస్తులుంటేనే చదువు వస్తుందని పిల్లలకు చెప్పడం తప్పు. ఆయన పస్తు ఉండింది డబ్బు లేకే, అదొక వ్రతమని కాదు. తర్వాతి జీవితమంతా మధుమేహంతోనూ ఇతర జబ్బులతోనూ బాధపడి, 65 ఏళ్లకే పోయారు. కనుక తమ్ముడికి నేను చెప్పేది, వేళకు తిను, నిద్రపో. ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది వేరే ఉంది.

1921 జూన్‌లో ఎం.ఎస్సీ. వచ్చింది. 1922లో బారిస్టరు అయ్యారు. ఆ అక్టోబరులో డి.ఎస్సీ. కోసం రూపాయి సమస్య మీద థీసిస్ సమర్పించారు. భారతదేశంలో రూపాయి విలువ వెండితో, బంగారంతో ఎలా ముడిపడుతూ వచ్చిందో, ప్రభుత్వం దాన్ని నడిపిన తీరు వల్ల ఎవరికి నష్టమో అందులో విచారించారు.

తిరిగొచ్చిన థీసిస్

1923 మార్చిలో కబురు వచ్చింది. థీసిస్‌ను పరీక్షకులు ఉన్నదున్నట్టు అంగీకరించలేదు. సవరించి మళ్లీ సమర్పించమన్నారు. బ్రిటిష్ ప్రభుత్వ విధానాల మీద విమర్శ ఘాటుగా ఉండడం వారికి రుచించలేదని జీవితచరిత్రకారులు రాశారు.

ఆ క్షణంలో ఆయన పరిస్థితి ఊహించండి. ఆరేళ్లుగా ఈ ఒక్క పని కోసం ఉద్యోగం చేశారు, అప్పు చేశారు, ఇల్లు వదిలి వచ్చారు. లండన్‌లో ఇంకొన్ని నెలలు ఉండి తిరగరాయడానికి డబ్బు లేదు. అలాగని అప్పటికే బారిస్టరు, ఎం.ఎస్సీ. చేతిలో ఉన్నాయి. చాల్లే అనుకుని ఆ థీసిస్‌ను అటకెక్కిస్తే తప్పుపట్టేవాళ్లు ఎవరూ లేరు.

ఆయన కాగితాలు సర్దుకుని ఏప్రిల్‌లో బొంబాయి వచ్చేశారు. చాళ్ ఇంట్లో కూర్చుని తిరగరాశారు. మరోవైపు హైకోర్టులో ప్రాక్టీసు మొదలుపెట్టాలి. దానికి కట్టాల్సిన రుసుముకూ డబ్బు లేకపోతే మళ్లీ భథేనాయే ఆదుకున్నారు. చెప్పే తీరు మార్చారు గాని, తేల్చిన విషయాలు మార్చలేదని అంటారు. ఆగస్టులో థీసిస్ మళ్లీ లండన్ చేరింది. నవంబరులో అంగీకారం వచ్చింది. డిసెంబరులో అదే పుస్తకంగా అచ్చయింది. ముందుమాట రాసింది నాలుగేళ్ల గడువు ఇప్పించిన కానన్‌గారే. ఆయన ఆ ముందుమాటలో శిష్యుడి నిర్ణయాలతో కొన్నిచోట్ల విభేదించారు, ఆ చురుకుదనాన్ని మెచ్చుకున్నారు కూడా. పుస్తకాన్ని అంబేడ్కర్ తన తల్లిదండ్రుల జ్ఞాపకానికి అంకితమిచ్చారు. రాత్రి రెండింటికి లేపిన ఆ తండ్రి చూడ్డానికి అప్పటికి లేరు, 1913లోనే పోయారు.

కొలంబియా డాక్టరేటు కథ ఇంకా పొడుగు. 1916లో సమర్పించిన పరిశోధనే అయినా, దాన్ని అచ్చువేయించి ప్రతులు అందజేస్తేగాని పట్టా ఇవ్వరు. అచ్చుకు డబ్బు కావాలి. రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ మీద ఆ పుస్తకం 1925లో వచ్చింది. పట్టా చేతికందింది 1927లో. ఆ పదకొండేళ్లలో ఆయన సిడెన్‌హామ్‌లో పాఠాలు చెప్పారు, పత్రిక పెట్టారు, వకీలయ్యారు, రూపాయి మీద వచ్చిన రాయల్ కమిషన్ ఎదుట సాక్ష్యమిచ్చారు, మహాడ్ సత్యాగ్రహం నడిపారు. ఆ పట్టా కోసం ఏదీ ఆపలేదు, ఏదో ఒకటి అడ్డొచ్చిందని ఆ పట్టానూ వదల్లేదు.

రమాబాయి వాటా

ఈ కథలో ఒకరి పేరు తక్కువగా వినిపిస్తుంది. ఆయన న్యూయార్క్‌లో, లండన్‌లో ఉన్నన్నాళ్లూ బొంబాయిలో ఇల్లు నెట్టుకొచ్చింది రమాబాయి. చాలీచాలని డబ్బుతో, కష్టం బయటికి చెప్పుకోకుండా సంసారం నడిపారు. వారి అయిదుగురు పిల్లల్లో నలుగురు చిన్నతనంలోనే పోయారు. యశ్వంత్ ఒక్కడే దక్కాడు. ఆమె 1935లో కన్నుమూశారు. తర్వాత రాసిన ఒక పెద్ద పుస్తకాన్ని ఆయన ఆమెకు అంకితమిస్తూ, తమకు అండలేని రోజుల్లో తనతోపాటు బాధలు పడిన ఆమె ఓర్పును తలుచుకున్నారు.

పగలు పనిచేసి రాత్రి చదివే ఏ మనిషి వెనకైనా ఇలాంటివారు ఒకరుంటారు. చంటిబిడ్డను రెండోవైపు తిప్పి జోకొట్టే భార్యో, కోడలు పరీక్ష రాస్తుంటే వంట చేసిపెట్టే అత్తగారో. పట్టా మీద వాళ్ల పేరు ఉండదు. చదివేవాళ్లకు గుర్తుంటే చాలు.

పొద్దున నడిచే కళాశాల

అంబేడ్కర్ తన కష్టాన్ని తర్వాతివాళ్లకు పరీక్షగా పెట్టలేదు. నేను ఇలా చదివాను, మీరూ అలాగే చదవండి అనే పెద్దల ధోరణి ఆయనది కాదు. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ స్థాపించారు. మరుసటేడు జూన్‌లో ఆ సొసైటీ తరఫున బొంబాయిలో సిద్ధార్థ కళాశాల తెరుచుకుంది. దాని తరగతులు పొద్దున్నే పెట్టించారు. పేదింటి విద్యార్థి ఉదయం పాఠం విని, పగలు ఉద్యోగానికి వెళ్లాలన్నది ఉద్దేశం. తన చదువుకు ఏది అడ్డమైందో ఆ అడ్డాన్ని కాలపట్టికలోనే తీసేశారు.

1953 జనవరిలో మన హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ఆ పట్టా పుచ్చుకున్న చెయ్యి ఒకనాడు లండన్‌లో అప్పడాలు కాల్చుకున్నదే.

ఇప్పుడు తమ్ముడికి జవాబు చెప్పగలననుకుంటున్నాను. అంబేడ్కర్ అంతటి వాళ్లం మనం కాము. అయినా ఆయన చేసినవాటిలో కొన్ని మనకు చేతనయ్యేవే. గడువు దాటకముందే నోరు విప్పి అడగడం. ఆపాల్సివస్తే తిరిగొచ్చే దారి రాయించుకుని ఆపడం. చేసే పనినే చదువుకు పనికొచ్చేలా మలుచుకోవడం. అప్పు అడగాల్సినచోట మిత్రుణ్ణి అడగడం. తిప్పి పంపిన కాగితాన్ని తిట్టుగా తీసుకోకుండా, మూడు నెలలు కూర్చుని దిద్ది పంపడం. నాలుగు అసైన్‌మెంట్లలో ఈ నెలకు రెండే అవుతాయా, రెండే పంపించు. మిగతా రెంటికీ ఈ రాత్రే ఉత్తరం రాయి.

మనకు, అంటే పెద్ద బ్యాచిలవాళ్లకూ ఉపాధ్యాయులకూ కూడా ఇందులో పని ఉంది. ఆయన కథలోంచి కేళుస్కర్‌నూ, కానన్‌నూ, భథేనానూ తీసేసి చూడండి, ఏ మలుపు దగ్గర చదువు ఆగిపోయేదో తెలుస్తుంది. గడువు పొడిగించమని ఒక విద్యార్థి వచ్చినప్పుడు సోమరితనమని తోసెయ్యకుండా ఒక్క నిమిషం ఆగి వినే మాస్టారు కావాలి. ఫీజు కట్టే రోజున ఫోన్ ఎత్తే సీనియర్ కావాలి. యాభై ఏళ్ల పండుగకు మన సంఘం చేతిలో కొంత డబ్బుంది, బడిలో సాయంత్రాలు ఖాళీగా ఉండే గదులున్నాయి. ఇంట్లో చోటులేక చదువుకోలేని మన పూర్వ విద్యార్థుల కోసం ఆ గదుల్లో ఒకదానికి రాత్రి పదిదాకా దీపం ఉంచగలమేమో సర్వసభ్య సమావేశంలో ఆలోచిద్దాం. తాళంచెవి తీసుకునే బాధ్యత నాది.